కచుక్ - హ్యూబర్డో ట్రేడ్: కాల్గరీ నిజంగా ఎక్కడ నష్టపోయింది?

మీ ప్రశ్న ఇది: కాల్గరీకి వచ్చి ఏడాది అయింది, ఆఫీసులో ఐస్ హాకీ మాట వస్తే చాలు, 2022లో మాథ్యూ కచుక్‌ను ఫ్లోరిడాకు ఇచ్చేసిన సంగతి తీసి అందరూ బాధపడుతుంటారు. అది నిజంగా అంత చెడ్డ బేరమా? అసలు ఒక ట్రేడ్ (జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడం) మంచిదో చెడ్డదో ఎలా తేల్చాలి?

నేను ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్)లో మన ఊరి జట్టు ఫ్లేమ్స్ ఆటను మొదటి చలికాలం నుంచీ చూస్తున్నాను, మా అబ్బాయి ఆడిన పిల్లల జట్టుకు కొన్నేళ్ళు అసిస్టెంట్ కోచ్‌గా కూడా పనిచేశాను. ఈ ట్రేడ్ గురించి నేను చాలా ఆలోచించాను, అందుకే సమాధానం కాస్త పొడుగ్గా ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రేడ్ జరిగిన రోజున కాల్గరీ చేసుకున్న బేరం బాగుంది. దెబ్బ తగిలింది ఆ బేరంలో కాదు. దానికి మూడేళ్ళ ముందు రాసుకున్న ఒక కాంట్రాక్టులోనూ, దాని తర్వాత రెండు వారాల్లోపే రాసుకున్న ఇంకో కాంట్రాక్టులోనూ తగిలింది. ఈ రెండిటినీ వదిలేసి ట్రేడ్‌ను ఒక్కదాన్నే తూచితే తూకం తప్పుతుంది.

ముందుగా ఎవరిని ఇచ్చి ఎవరిని తీసుకున్నారో చూద్దాం. 2022 జూలై 22న కాల్గరీ ఫ్లేమ్స్ 24 ఏళ్ళ మాథ్యూ కచుక్‌ను (ఇంగ్లిష్ రాతలో పేరు ముందు టీ అక్షరం ఉంటుంది, పలకరు) ఫ్లోరిడా పాంథర్స్‌కు ఇచ్చింది. అతనితో పాటు నాలుగో రౌండ్ పిక్ ఒకటి (పిక్ అంటే కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు), అదీ షరతులతో. బదులుగా 29 ఏళ్ళ జొనాథన్ హ్యూబర్డో, 28 ఏళ్ళ డిఫెన్స్ ఆటగాడు మెకెంజీ వీగర్, కోల్ ష్విండ్ట్ అనే కుర్రాడు, షరతులతో 2025 మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ వచ్చాయి. అంతకుముందు సీజన్‌లో కచుక్ 104 పాయింట్లు సాధించాడు, హ్యూబర్డో 115. ఇక్కడ పాయింట్లంటే ఒక ఆటగాడు కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి. ఒకే సీజన్‌లో వంద దాటిన ఇద్దరిని ఆ వేసవిలోనే ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడమంటే మామూలు విషయం కాదు. పొద్దున్నే లేచి ఫోన్ చూసుకున్నవాళ్ళకి కళ్ళు నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు మూడేళ్ళు వెనక్కి వెళ్దాం. 2019 సెప్టెంబర్‌లో కచుక్‌కు 21 ఏళ్ళు. కాల్గరీ అతనితో మూడేళ్ళ ఒప్పందం చేసుకుంది, మొత్తం 21 మిలియన్ డాలర్లు, అంటే ఏడాదికి 7 మిలియన్లు. ఇలాంటి చిన్న ఒప్పందాన్ని బ్రిడ్జ్ డీల్ అంటారు. ఆటగాడు ఇంకా ఎదుగుతున్నాడు, పెద్ద డబ్బు ఇప్పుడే ఎందుకు, ఈ మూడేళ్ళు దాటాక చూద్దాం అన్నది లెక్క. శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి) ఇరుకుగా ఉన్న జట్టుకు ఆ రోజున అది సుఖంగానే అనిపిస్తుంది. కానీ ఆ మూడేళ్ళు గడిచేసరికి కచుక్ పూర్తి స్వేచ్ఛ రావడానికి ఒక్క ఏడాది దూరంలో నిలబడ్డాడు. అతన్ని జట్టులో ఉంచుకోవాలంటే కాల్గరీ కనీసం 9 మిలియన్ల ఏడాది ఆఫర్ ఇవ్వాలి. ఆ ఏడాది ఆడేస్తే ఆ తర్వాత అతను ఎక్కడికైనా వెళ్ళొచ్చు, కాల్గరీకి దమ్మిడీ రాదు. పగ్గాలు ఆటగాడి చేతిలోకి వెళ్ళింది 2022లో కాదు, 2019లోనే. అదే 2019లో 7, 8 ఏళ్ళకు ఎక్కువ డబ్బు ఇచ్చి సంతకం చేయించుకుని ఉంటే మనం ఈ రోజు ఈ ట్రేడ్ గురించి మాట్లాడుకునేవాళ్ళమే కాదు.

ఐపీఎల్ చూసి పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. అక్కడ కొన్నేళ్ళకోసారి మెగా వేలం వచ్చి పలక తుడిచేస్తుంది, చెడ్డ కొనుగోలు భారం ఎక్కువ కాలం మోయక్కర్లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలాంటి తుడుపు లేదు. ఎనిమిదేళ్ళకు సంతకం పెడితే ఎనిమిదేళ్ళూ ఆ జీతం క్యాప్ లెక్కలో కూర్చుంటుంది. అందుకే ఇక్కడ ట్రేడ్ అంటే ఆటగాళ్ళను మార్చుకోవడంతో పాటు కాంట్రాక్టులను, వాటిలో మిగిలిన ఏళ్ళను కూడా మార్చుకోవడం.

2022 జూలైలో కాల్గరీ జనరల్ మేనేజర్ బ్రాడ్ ట్రెలివింగ్ పరిస్థితి తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది. ఆ సీజన్ పట్టికలో ఫ్లేమ్స్‌కు 111 పాయింట్లు వచ్చాయి (జట్టు పాయింట్లంటే గెలుపోటముల లెక్క), డివిజన్‌లో మొదటి స్థానం. జానీ గాడ్రో, ఎలియాస్ లిండ్‌హోమ్, కచుక్ ముగ్గురూ ఒకే లైన్‌లో (కలిసి మంచు మీదికి దిగే దాడి త్రయంగా) ఆడారు, ముగ్గురూ 40 గోల్స్ చేరుకున్నారు. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో (నాలుగు ఆటలు ముందుగా గెలిచిన జట్టు నిలుస్తుంది) ఎడ్మంటన్‌తో మొదటి ఆట 9-6తో గెలిచారు, అందులో కచుక్‌ది హ్యాట్రిక్. ఫ్లేమ్స్ సొంత అరీనా సాడిల్‌డోమ్ ఎర్రటి జెర్సీలతో ఊగిపోయింది. తర్వాత వరుసగా నాలుగు ఓడి ఇంటికి వచ్చారు. జూలై 13న, కాంట్రాక్టు ముగిసిన గాడ్రో కొలంబస్ జట్టుకు వెళ్ళిపోయాడు. 115 పాయింట్ల ఆటగాడు వెళ్ళిపోతే కాల్గరీకి బదులుగా ఏమీ రాలేదు. వారం తిరక్కుండానే కచుక్ కూడా ఇక్కడ ఎక్కువ కాలం ఉండనని చెప్పేశాడు.

గాడ్రో పేరు తీసినప్పుడు ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 2024 ఆగస్టు 29న న్యూజెర్సీలో సైకిల్ తొక్కుతూ వెళ్తున్న అతన్నీ, తమ్ముడు మాథ్యూనీ ఒక కారు గుద్ది బలి తీసుకుంది. సాడిల్‌డోమ్ మెట్ల దగ్గర జనం పెట్టిన పూలు, జెర్సీలు చూసినవాళ్ళు ఎవరూ అతను వెళ్ళిపోయినందుకు ఇంకా కోపంగా మాట్లాడరు. మీ ఆఫీసులో ఎవరైనా ఆ వేసవి గురించి మాట్లాడుతూ ఉన్నట్టుండి మౌనంగా అయిపోతే కారణం అదే.

సరే, ట్రేడ్ రోజుకు వద్దాం. మీ సరుకు ఇక మీ దగ్గర ఉండదని ఊరందరికీ తెలిసిపోయాక బేరం ఆడటం ఎంత కష్టమో ఊహించండి. ఇల్లు ఖాళీ చేసి ఊరు వెళ్ళిపోతున్నవాడి మంచానికి ఎవరూ సరైన ధర ఇవ్వరు. అలాంటి స్థితిలో ట్రెలివింగ్ 115 పాయింట్ల ఆటగాణ్ణి, మొదటి జోడీలో ఆడగల డిఫెన్స్ ఆటగాణ్ణి, పైన మొదటి రౌండ్ పిక్‌నీ తెచ్చాడు. ఆ రోజున కాల్గరీదే పైచేయి అని నేనూ అనుకున్నాను, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. ఆ రోజు తెలిసిన విషయాలతో ఆ రోజు నిర్ణయాన్ని తూచాలి. తర్వాత జరిగినదాన్ని తెచ్చి ఆ త్రాసులో వేయడం న్యాయం కాదు.

అయితే ఆ రోజు తెలిసిన విషయాల్లోనే చాలామంది పట్టించుకోనివి రెండు ఉన్నాయి. ఒకటి వయసు. 24కీ 29కీ మధ్య ఐదేళ్ళు హాకీలో చాలా పెద్ద తేడా. ముందు వరుసలో ఆడేవాళ్ళు ఎక్కువ మంది ఇరవైల మధ్యలో శిఖరానికి చేరతారు, ముప్పై దాటాక కాళ్ళలో వేగం మెల్లగా తగ్గుతుంది. ఫ్లోరిడా కొన్నది కచుక్ మంచి కాలాన్ని. కాల్గరీకి వచ్చింది హ్యూబర్డో మంచి కాలంలో చివరి ముక్క. రెండోది, పాయింట్లు ఎలా వచ్చాయన్నది. హ్యూబర్డో 115లో 85 పాస్‌లే. ఎడమ వింగ్‌లో ఆడేవాళ్ళలో అది అప్పటికి రికార్డు. పాస్ ఇచ్చేవాడి పాయింటు గోల్ కొట్టేవాడి కర్ర మీద ఆధారపడుతుంది. అలెగ్జాండర్ బార్కోవ్ లాంటివాళ్ళు చుట్టూ ఉన్న ఆ ఫ్లోరిడా జట్టు ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరికన్నా వేగంగా ఎదురుదాడికి దిగేది. ఆ వేగమూ ఆ తోడూ అతనితో పాటు కాల్గరీకి రాలేదు.

కచుక్ గోల్స్ వేరు. గోల్ ముందు నిలబడి, తోపులాటలో నిలదొక్కుకుని, గోలీ (గోల్ కీపర్) నుంచి తిరిగొచ్చిన పక్‌ను (హాకీలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళను) లోపలికి నెట్టేవాడు. ఆ పని ఏ జట్టులోనైనా చేయొచ్చు. ఒక ఆటగాణ్ణి ట్రేడ్‌లో తీసుకునేటప్పుడు నేను అందరికీ చెప్పే మొదటి మాట ఇదే: అతని పాయింట్లలో ఎన్ని అతనితో పాటు విమానం ఎక్కుతాయో చూడండి.

ఇంతవరకు కాల్గరీకి పెద్ద ప్రమాదం లేదు. హ్యూబర్డో పాత కాంట్రాక్టు ఏడాదికి 5.9 మిలియన్లు, వీగర్‌ది 3.25, ఇద్దరికీ ఇంకో ఏడాది మిగిలి ఉంది. ఆ ఏడాది ఆడనిచ్చి, కొత్త జట్టులో ఎలా కుదురుకుంటారో చూసి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు. కాల్గరీ ఆగలేదు. ఆగస్టు 4న హ్యూబర్డోతో ఎనిమిదేళ్ళకు 84 మిలియన్ల ఒప్పందం చేసుకుంది, ఏడాదికి 10.5 మిలియన్లు. ఎర్ర జెర్సీ వేసుకుని ఒక్క ఆట కూడా ఆడకముందే! ఆ ఒప్పందం మొదలయ్యేసరికి అతనికి 30, ముగిసేసరికి 38.

ఎందుకు తొందరపడ్డారో నాకు అర్థమవుతుంది. గాడ్రో ఏమీ ఇవ్వకుండా వెళ్ళిపోయిన పుండు ఇంకా పచ్చిగా ఉంది. ఇంకో ఏడాదికి హ్యూబర్డో, వీగర్ కూడా అలాగే వెళ్ళిపోతే ఊరు క్షమించదు. ఆ భయం నిజమైనదే. కానీ భయంతో రాసిన కాంట్రాక్టు ఎప్పుడూ అవతలివాడికి అనుకూలంగా ఉంటుంది. పాడైన పంటను చూసి బెదిరి, తర్వాతి ఏడు విత్తనం ఎంత ధర చెప్పినా కొనేసే రైతు లాంటి పరిస్థితి అది. నా దృష్టిలో ఈ కథలో కాల్గరీ చేసిన అసలు తప్పు ఇదే, దీన్ని ట్రేడ్ ఖాతాలో రాయకూడదు.

2022-23లో హ్యూబర్డోకు వచ్చినవి 55 పాయింట్లు. ఒక సీజన్ నుంచి ఇంకో సీజన్‌కు 60 పాయింట్లు పడిపోవడం ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలోనే అతి పెద్ద పతనం. ఆ ఏడాది చాలామంది కోచ్ డారిల్ సటర్‌ను తిట్టారు. పక్‌ను లోతుగా వేసి, వెంటపడి, బిగువుగా ఆడించే పద్ధతి ఆయనది. చేతిలో పక్‌తో ఆలోచించే హ్యూబర్డోకు అది పొసగలేదన్నది నిజమే. కానీ సటర్ వెళ్ళిపోయి ర్యాన్ హస్కా వచ్చాక 2023-24లో వచ్చినవి 52. కాబట్టి తప్పంతా కోచ్‌దే అనడం కుదరదు. 2024-25లో 28 గోల్స్‌తో 62కు చేరాడు, తన గోల్ వైపు కాపలా కాసే పనిలో చాలా మెరుగయ్యాడు. అతను కష్టపడలేదని అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. నేను చూసిన ఆటల్లో అతను పరుగు ఆపిన రోజు లేదు. అయినా 62 పాయింట్లకు 10.5 మిలియన్లు ఎక్కువే.

వీగర్ సంగతి పూర్తిగా వేరు, ఈ ట్రేడ్ గురించి మాట్లాడేవాళ్ళు అతన్ని మర్చిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఏడో రౌండ్‌లో 206వ స్థానంలో తీసుకున్న ఆటగాడు. 2022 అక్టోబర్‌లో ఎనిమిదేళ్ళకు ఏడాదికి 6.25 మిలియన్ల చొప్పున సంతకం చేశాడు. 2023-24లో డిఫెన్స్‌లో ఆడుతూ 20 గోల్స్ కొట్టాడు. ఇది కాల్గరీకి దక్కిన లాభం, నిస్సందేహంగా.

ఇక ఫ్లోరిడా వైపు. అక్కడి జనరల్ మేనేజర్ బిల్ జీటో ధైర్యం గురించి చెప్పాలి. అతని జట్టు 2021-22లో 122 పాయింట్లతో లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో ఉంది. అంత బాగా ఆడిన జట్టులోంచి, ఆ క్లబ్బు చరిత్రలోనే అందరికన్నా ఎక్కువ పాయింట్లున్న హ్యూబర్డోను (671 ఆటల్లో 613) తీసి ఇచ్చేయడం ఎవరు చేస్తారు? కానీ ఆ 122 పాయింట్ల జట్టు ప్లేఆఫ్స్‌లో టాంపా చేతిలో 4-0తో ఓడింది, నాలుగు ఆటల్లో కలిపి మూడే గోల్స్ కొట్టింది. ఏప్రిల్ వరకు పనికొచ్చే ఆట మే నెలలో పనికిరాదని జీటో అర్థం చేసుకున్నాడు. పక్ కోసం గోల్ ముందు దెబ్బలు తినేవాడు కావాలనుకున్నాడు. అన్నిటికీ మించి, కచుక్ అక్కడికి రావాలనుకున్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం ఎనిమిదేళ్ళ ఒప్పందం సొంత జట్టు మాత్రమే ఇవ్వగలదు కాబట్టి, కాల్గరీ చేతే సంతకం చేయించి మరీ పంపించారు: ఎనిమిదేళ్ళు, ఏడాదికి 9.5 మిలియన్లు. కాంట్రాక్టు ముగిసేసరికి అతనికి 32. ఫ్లోరిడా రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేకపోవడం కూడా అక్కడ సంతకం పెట్టేవాళ్ళకు కలిసొచ్చే విషయం.

ఆ 9.5 మిలియన్లు 2022-23లో 82.5 మిలియన్ల క్యాప్‌లో 11.5 శాతం. 2025-26కు క్యాప్ 95.5 అయింది, అదే జీతం 10 శాతానికి దిగింది. ఎదిగే వయసు ఆటగాడికి పొడుగు కాంట్రాక్టు ఇస్తే ఏడాది గడిచేకొద్దీ చవకవుతుంది. ముప్పై దాటినవాడికి ఇస్తే క్యాప్ పెరుగుదలతో వచ్చే ఆ లాభాన్ని వయసు తినేస్తుంది.

ఫలితం గురించి మీకు తెలిసే ఉంటుంది. కచుక్ మొదటి సీజన్‌లో 109 పాయింట్లు. 2023లో ఫైనల్, 2024లో, 2025లో వరుసగా రెండు స్టాన్లీ కప్పులు (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు దక్కేవి), రెండుసార్లూ ఎడ్మంటన్ మీదే. మన పక్క ఊరిని ఓడించినందుకు ఇక్కడ కొందరు సంతోషపడ్డారు కూడా!

కానీ ఆ కప్పులు చూసి ముందే రాసిపెట్టి ఉందని అనుకోకండి. 2022-23లో ఫ్లోరిడా పాయింట్లు 92, కాల్గరీవి 93. అవును, కాల్గరీకే ఒకటి ఎక్కువ. లీగ్ పశ్చిమ, తూర్పు విభాగాలుగా ఉంటుంది; కాల్గరీ ఉన్న పశ్చిమంలో ప్లేఆఫ్స్‌కు అది సరిపోలేదు, ఫ్లోరిడా ఉన్న తూర్పులో 92 సరిపోయింది, ఎందుకంటే పిట్స్‌బర్గ్ చివరి వారంలో అట్టడుగున ఉన్న షికాగో చేతిలో సొంత గడ్డ మీద ఓడి 91 దగ్గర ఆగిపోయింది. మొదటి రౌండ్‌లో 135 పాయింట్ల రికార్డు జట్టు బోస్టన్ 3-1తో ముందుంది. ఐదో ఆట చివరి క్షణాల్లో బోస్టన్ ఆటగాడు బ్రాడ్ మార్షాండ్ ఒంటరిగా దూసుకొచ్చాడు, గోలీ సెర్గీ బాబ్రోవ్‌స్కీ ఆపాడు, ఓవర్‌టైమ్‌లో కచుక్ గోల్ కొట్టాడు. మార్షాండ్ కొట్టిన ఆ పక్ లోపలికి వెళ్ళి ఉంటే, ఆ వేసవి అంతా ఈ ట్రేడ్‌లో ఇద్దరూ నష్టపోయారనే రాసేవారు. ఆ మార్షాండే 2025లో ఫ్లోరిడాకు వచ్చి కప్పు ఎత్తాడు. అదృష్టం ఉంది, కాదనలేం. కానీ కరోలినాతో నాలుగో ఓవర్‌టైమ్ ఆఖరి క్షణాల్లో గోల్ కొట్టడం, ఫైనల్లో రొమ్ము ఎముక విరిగాక కూడా తర్వాతి ఆటకు దిగడం అదృష్టం కాదు. జీటో కొనాలనుకున్నది ఆ మనిషినే.

చివరగా ఆ మొదటి రౌండ్ పిక్ సంగతి, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. ట్రేడ్ జరిగిన నెలలోపే, 2022 ఆగస్టు 18న, కొత్తగా తీసుకున్న నజీమ్ కాద్రికి జీతాల లెక్కలో చోటు చేయడం కోసం కాల్గరీ తన ఆటగాడు షాన్ మోనహన్‌ను మాంట్రియాల్‌కు పంపింది, వాళ్ళు తీసుకున్నందుకు పైన షరతులతో ఒక మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చింది. ఆ షరతులన్నీ తిరిగి తిరిగి 2025కు వచ్చాయి. కాల్గరీ సొంత పిక్ 16వ స్థానంలో పడి మాంట్రియాల్‌కు వెళ్ళింది. కాల్గరీకి మిగిలింది ఫ్లోరిడా పిక్, ఫ్లోరిడా కప్పు గెలిచింది కాబట్టి అది 32వది, రౌండ్‌లో ఆఖరిది. కచుక్ ఎంత బాగా ఆడితే అతని బదులుగా వచ్చిన పిక్ అంత వెనక్కి పోయింది. ట్రేడ్ రోజున ఆ పిక్‌ను లెక్కేసుకున్నప్పుడు నేనైతే మధ్య స్థానంలో ఎక్కడో వస్తుందనుకున్నాను. ఎదుటి జట్టుకు మీరే బలం ఇస్తూ వాళ్ళ పిక్‌కు ఎక్కువ విలువ కట్టకూడదని అప్పటి నుంచి గట్టిగా పట్టుకున్నాను.

మీ ఆఫీసులో ఈసారి మాట వచ్చినప్పుడు జూలై 22ను పక్కనపెట్టి 2019 సెప్టెంబర్ గురించీ, 2022 ఆగస్టు 4 గురించీ అడిగి చూడండి. మాట ఎంత మారుతుందో మీకే తెలుస్తుంది. ఆ 32వ పిక్‌తో కాల్గరీ కలెన్ పాటర్ అనే కుర్రాణ్ణి తీసుకుంది. హ్యూబర్డో కాంట్రాక్టు 2031 వరకు ఉంది. పాటర్ ఈ లోపు సాడిల్‌డోమ్ పక్కన కడుతున్న కొత్త అరీనాలో ఆడితే, ఆ రాత్రి టికెట్ ఎంతైనా సరే నేను అక్కడ ఉంటాను.